పొగ మేస్త్రీ

కార్తీక పౌర్ణమి వెళ్లిన మూడో రోజు, బుధవారం, పొద్దున ఎనిమిదీ పది. మా పడవ పెనుమూడి రేవు దాటి సముద్రం వైపు దిగుతోంది. కరకట్ట కింద రేకుల షెడ్డులోంచి ఒక మనిషి ఒడ్డుకి పరిగెత్తుకొచ్చాడు. తలగుడ్డ విప్పి గాల్లో ఊపుతూ, "పొగేదీ? పొగేదీ?" అని గొంతు చించుకున్నాడు. మాకు వినపడింది. మేం నవ్వి చేతులూపాం.

టైము అంత కచ్చితంగా ఎలా తెలుసంటే, రమణమ్మ అప్పుడే పీల్చే మందు పీల్చుకుంది. డాక్టరమ్మ టైము గుర్తుపెట్టుకోమంది కాబట్టి సెల్లు చూసి పైకి చెప్పింది. రమణమ్మ నా భార్య.

ఇది జరిగి మూడేళ్లయింది. ఆ అరిచిన మనిషి పోయిన వారం చనిపోయాడు. మా రేవులోనే పడవ నడిపే ఏసుబాబు ఫోన్ చేసి, "బాబాయ్, మేస్త్రీ పోయాడు" అన్నాడు. ఏ మేస్త్రీ అని నేను అడగలేదు. రేపల్లె చుట్టుపక్కల తాపీ మేస్త్రీలున్నారు, వడ్రంగి మేస్త్రీలున్నారు. ఉత్తినే మేస్త్రీ అంటే మా పడవలవాళ్లకి ఒక్కడే. ఎదురుగా మేస్త్రీ, వెనక పొగ మేస్త్రీ. అసలు పేరు నాకు తెలియదు. ఇరవై ఏళ్లు నా మోటారు ఆయన చేతిలో పెట్టాను, పేరు అడగలేదు. రేపల్లెలో మట్టి వేసే చోట ఎవరో పేరు చెప్పారు గానీ ఆ ఏడుపుల్లో సరిగ్గా వినపడలేదు. మళ్లీ అడగడానికి సిగ్గేసింది.

మనిషి సన్నగా, వెదురు గెడలా ఉండేవాడు. బనీను మీద నూనె మరకలు తప్ప బనీను కనపడేది కాదు. కానీ జేబులో ఒక తెల్ల గుడ్డ, ఉతికి మడత పెట్టింది, ఎప్పుడూ ఉండేది. మోటారు బాగుచేశాక ఆ మోటారుని నీళ్లు నింపిన డ్రమ్ముకి బిగించి తాడు లాగేవాడు. అది బుడబుడమని పొగ వదులుతుంటే ఆ తెల్ల గుడ్డ పొగలో పట్టుకుని మనసులో ఇరవై లెక్కపెట్టేవాడు. తర్వాత గుడ్డ చూసేవాడు, వాసన చూసేవాడు.

"ఇది బంకులో లూజు ఆయిల్."

"కాదు మేస్త్రీ, సీలు డబ్బానే."

"నాకెందుకు చెబుతావ్? మోటారు చెబుతుందిగా. పాడైన పామాయిల్లో గారెలు తిన్నోడి తేన్పులా ఉంది."

ఆయనకి చదువు రాదు. ఒక్క అక్షరం రాదు. గోడకి ఒక చెక్క కొట్టి, దానికి మేకులు దిగ్గొట్టి, మా అందరి పాత ప్లగ్గులూ వరసగా తగిలించేవాడు. అవే ఆయన పుస్తకాలు. మోటారు తెచ్చినవాడితో ముందు, "నాలిక చూపించు" అనేవాడు. ప్లగ్గు విప్పి చూపించమని. తడిగా నల్లగా ఉంటే నూనె ఎక్కువ తాగింది. బిస్కెట్ రంగులో ఉంటే ఆరోగ్యం. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే మాత్రం ఆయన ముఖం మారిపోయేది. "ఇది ఎండిపోయి చస్తుందయ్యా. దీంతో ఏట్లోకి వెళ్లమాక" అనేవాడు. అలా అంటూ ఏటికి వీపు తిప్పేసేవాడు. మాకు నవ్వొచ్చేది.

ఎందుకంటే ఆయనకి నీళ్లంటే భయం. పడవ మోటార్లు బాగుచేస్తూ బతికినవాడు జన్మలో పడవ ఎక్కలేదు. మోటారుని మేమే విప్పి, భుజాన వేసుకుని, షెడ్డు దాకా మోసుకెళ్లాలి. రేపల్లె నుంచి కరకట్ట మీద సైకిల్ తొక్కుకుంటూ వచ్చేవాడు, అదీ ఏరు లేని అంచు పట్టుకుని. వంతెన మీద బస్సులో వెళ్లాల్సి వస్తే కళ్లు మూసుకుని, పెదాలు కదుపుతూ, అవతలి ఒడ్డు వచ్చిందని పక్కవాడు చెప్పేదాకా తెరిచేవాడు కాదు.

ఒకసారి నేనే ఎగతాళి చేశాను. "ఒక్కసారి ఎక్కి చూడు మేస్త్రీ, రేవులోనే ఉంది."

"ఎక్కను."

"ఎందుకు?"

"కదులుద్ది."

"కట్టేసుంది కదయ్యా."

"కట్టేసినా కదులుద్ది."

ఈ భయం ఆయన దగ్గరే ఆగేది కాదు, చుట్టుపక్కలకి అంటేది. పొద్దున వెళ్లిన పడవల్ని పొగలతో లెక్కపెట్టుకునేవాడు. ఎవరి పొగ ఎలాంటిదో ఆయనకి తెలుసు. ఏసుబాబుది నల్లపొగ, మాది నీలంపొగ. మధ్యాహ్నం చేపలకోసం రేవులో కూర్చున్న ఆడవాళ్ల దగ్గరికి వచ్చి, "పద్నాలుగు పోయినయ్యి, పదమూడే వచ్చినయ్యి. నీలంది రాలేదు" అనేవాడు. వాళ్లు తిట్టేవాళ్లు. "నీ నోట్లో మన్నుపడ, ఏం మాటలవి మేస్త్రీ? మంచి మాట రాదా?" టీ కొట్టు సుబ్బాయమ్మ అయితే, "ఈ మనిషి ముఖం చూసి వలేస్తే గుల్లలు కూడా పడవు" అనేది. అన్నా కూడా ఆ పద్నాలుగో పొగ కనపడేదాకా ఆయన సైకిలు ఎక్కేవాడు కాదు. అది నిజం. నేను చూశాను.

రమణమ్మ సంగతి చెప్పాలి ఇప్పుడు.

వల లాగడానికి నాకు తోడు రమణమ్మే. పెళ్లయిన దగ్గర్నుంచీ అంతే. నేను ముందు వైపు వల చూసుకుంటే, ఆవిడ వెనక మోటారు పక్కన కూర్చుని పడవ నడిపేది. అంటే ఇన్నేళ్లూ మోటారు వదిలిన పొగ ముందు ఆవిడ ముక్కులోకి పోయి, ఆ తర్వాత ఏటి మీదికి పోయేది. నేను ఎప్పుడూ ఆ లెక్కన ఆలోచించలేదు. దగ్గు వస్తే మంచు అన్నాను. ఆయాసం వస్తే వయసు అన్నాను. ఒకరోజు వల లాగుతూ మధ్యలో వదిలేసి కూర్చుండిపోయింది. పెదాలు నీలంగా అయ్యాయి. అప్పుడు తెనాలి తీసుకెళ్లాను.

డాక్టరమ్మ వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. "ఇంట్లో కట్టెల పొయ్యా?" అని అడిగింది.

"గ్యాసేనండి. ఎప్పుడో మార్చాం" అన్నాను.

"మరి ఇంత పొగ ఎక్కడ పీలుస్తున్నారమ్మా మీరు?"

రమణమ్మ నా వైపు చూసింది. నేను పైన తిరిగే ఫ్యాన్ వైపు చూశాను.

"మోటారు పడవ ఉందండి" అంది రమణమ్మ.

"ఆ పడవ మానెయ్యాలి. పెద్దాయనా, మీకే చెబుతున్నాను. ఇంకో ఏడాది ఇలాగే పీలిస్తే నేను చేసేదేం ఉండదు."

బస్సెక్కాం. రేపల్లె దాకా ఆ "ఏడాది" అన్న మాట నా పక్క సీట్లో కూర్చున్నట్టే ఉంది. పడవ మానెయ్యమని చెబితే రమణమ్మ, "నేను మానేస్తే వల ఎవరు లాగుతారు, మీ తాత లేచొస్తాడా?" అంది. ఎంత చెప్పినా వినలేదు. మనిషి దిగదు. ఇక పొగే తగ్గాలి. మర్నాడే మోటారు భుజాన వేసుకుని మేస్త్రీ దగ్గరికి వెళ్లాను.

సంగతంతా చెప్పాను. ఆయన చేతిలో స్పానర్ కింద పెట్టేశాడు. "చెల్లెమ్మకా?" అన్నాడు. చేతులు తుడుచుకుని, "ఆయిల్ ఎంత పోస్తున్నావ్?" అని అడిగాడు.

"చూసి పోస్తా."

"దేన్ని చూసి?"

"పెట్రోలు రంగు చూసి."

"కూరలో కారం వేసినట్టు పోస్తున్నావన్న మాట. పట్టేస్తుందని భయపడి ఒక గుప్పెడు ఎక్కువ. అవునా?"

అవును. మా రేవులో అందరం అంతే. మోటారు ఏటి మధ్యలో బిగుసుకుపోయి పట్టేస్తే దిక్కులేదు కాబట్టి చెయ్యి కాస్త పొంగించి పోస్తాం. మిగిలిన నూనె కాలక పొగై వస్తుంది. మా భయమే పొగ అవుతోందని ఆ రోజుకి గానీ నాకు తెలియలేదు.

"విను. ఇది గేరు పెట్టెలో పోసి వదిలేసే ఆయిల్ కాదు. పెట్రోల్లో కలిసి, మోటారుకి తడి చేసి, కాలిపోవాలి. ఏ ఆయిల్ శుభ్రంగా కాలిపోద్దో అది పొగ తక్కువ. పడవ మోటారు నీళ్లతో చల్లబడుద్ది. దానికి వేరే ఆయిల్ ఉంది, పడవలదే, కాలితే బూడిద మిగలదు. నిజాంపట్నం హార్బరులో దొరుకుద్ది. ఇప్పుడు లేదంట, వస్తే తెప్పిస్తా. అందాకా ఉన్నదే పొయ్యి, కొలిచి పొయ్యి."

"దేంతో కొలవను?"

షెడ్డు మూల వెతికి, ఖాళీ దగ్గు మందు సీసా ఒకటి తెచ్చాడు. వంద మిల్లీది. "ఐదు లీటర్ల డబ్బాకి ఇది మెడ దాకా. ఎక్కువైతే చెల్లెమ్మకి కష్టం. తక్కువైతే ఇద్దరికీ కష్టం." నా మణికట్టు పట్టుకుని మళ్లీ అన్నాడు, "పొగ తగ్గాలి గానీ పోకూడదు. సన్నగా కనపడుతూ ఉండాలి. కనపడుతుంటే తడి ఉన్నట్టు."

కొలిచి పోశాను. పొగ సగానికి సగం తగ్గింది. అక్కడ ఆగి, హార్బరు నుంచి ఆ ఆయిల్ వచ్చేదాకా ఓపిక పట్టి ఉంటే ఇది రాసేవాణ్ణి కాదు.

నాకు చదువు యాభై ఆరో ఏట వచ్చింది. నేర్పింది రమణమ్మే, ఏడో తరగతి దాకా చదివింది. వల వేసి ఎదురుచూసే వేళల్లో పడవ అంచు మీద తడి వేలితో అక్షరం రాసేది. ఎండకి అది ఆరిపోయే లోపు నేను చదవాలి. చదవలేకపోతే, "పోయిందయ్యా నీ క, ఆవిరైపోయింది" అని నవ్వేది. అలా రెండు ఎండాకాలాలు పట్టింది. వచ్చాక మాత్రం కనపడిన ప్రతి బోర్డూ పైకి చదివేవాణ్ణి. తెనాలి బస్టాండులో నా పక్కన నిలబడాలంటే ఆవిడకి సిగ్గేసేది.

రెండోసారి తెనాలి వెళ్లినప్పుడు ఆవిణ్ణి పరీక్షకి లోపలికి పంపి, ఊరికే ఉండలేక రోడ్డు మీద నడిచాను. ఊరికే ఉంటే ఆ ఏడాది మాట మళ్లీ వచ్చి కూర్చుంటోంది. ఒక స్పేరు పార్టుల కొట్టు ముందు డబ్బాలు పేర్చి ఉన్నాయి. అన్నిటి మీదా ఇంగ్లీషే. ఒక్క డబ్బా మీద, ఒక పక్కగా, తెలుగులో ఉంది. ఐదే అక్షరాలు. తక్కువ పొగ.

రెండుసార్లు చదివాను. వేలు పెట్టి మూడోసారి చదివాను. తప్పు లేదు, అదే రాసుంది. నా జన్మలో ఒక అక్షరం నా అవసరాన్ని అంత సూటిగా పలకలేదు. కళ్లలో నీళ్లొచ్చాయి. డబ్బా కొని సంచిలో అడుగున పెట్టాను. రమణమ్మకి చూపించలేదు, ఏట్లో తనే తెలుసుకోవాలని. మేస్త్రీకీ చెప్పలేదు. చదువు రాని మనిషి, గుడ్డ వాసన చూసి ఏదో ఒకటంటాడని.

ఆ సీసాతోనే కొలిచి కొత్త ఆయిల్ పోశాను. పొగ ఇంకా తగ్గింది. రమణమ్మ దగ్గు తగ్గింది. దాంతో నాకు ఆశ పుట్టింది. మంచి మందయితే సగం మాత్రతోనే సరిపోతుంది కదా అనుకున్నాను. సీసా సగానికి దించాను. పొగ లేదు. అసలు లేదు. నీళ్ల మీద గీత తప్ప ఏమీ లేదు.

రమణమ్మ మోటారు పక్కన కూర్చుని గట్టిగా గాలి పీల్చింది. "ఏమయ్యా, ఏటి వాసన వస్తోంది" అంది. "ఎన్నేళ్లయిందో."

పదకొండు రోజులు అలా నడిచింది. మేస్త్రీ కంట పడకుండా పడవని రేవుకి ఎగువన కట్టి, అవతలి ఒడ్డు వెంట పోయేవాణ్ణి. భయం ఉందన్న మాట నాలో ఎక్కడో. లేకపోతే ఎందుకు తప్పుకుంటాను? పన్నెండో రోజు అవతల ఇసక మేట వేసి, పెనుమూడి ఒడ్డు వెంటే రావాల్సి వచ్చింది. అదే ఆ బుధవారం.

"పొగేదీ?" అని ఆయన అరుస్తుంటే రమణమ్మ, "మేస్త్రీ అన్నయ్య మెచ్చుకుంటున్నాడయ్యా" అంది.

"రేసు ఇవ్వు, ఇంకా చూస్తాడు" అన్నాను నేను.

ఆవిడ ఇచ్చింది. ఇప్పించింది నేను.

అరగంట అయింది. పౌర్ణమి దగ్గరి ఆటు, సముద్రం ఏటిని బలంగా లోపలికి లాగేసుకునే వేళ. పడవ దానంతట అదే పరిగెడుతోంది. ఒక్కసారి మోటారు కీచుమంది, మేకు గోకినట్టు. కీచుమని ఆగింది. రమణమ్మ తాడు లాగింది, కదల్లేదు. నేను వెళ్లి లాగాను. తాడు నా చేతిలో రాయిలా నిలబడింది. పట్టేసింది.

ఆ తర్వాత నిశ్శబ్దం. ఏట్లో అంత నిశ్శబ్దం నేను ఎరగను. అందులో ఒక చప్పుడు వినపడింది. సన్నగా, పిల్లనగ్రోవి పగిలినట్టు. ఎక్కడిదా అని చుట్టూ చూశాను. రమణమ్మ ఊపిరి. మోటారు మోతలో ఇన్నేళ్లూ అది నాకు వినపడలేదు. ఆ గొట్టం పెట్టి డాక్టరమ్మ విన్నది ఇదా అనుకున్నాను. 

లంగరు వేశాను. అడుగున మెత్తటి ఇసక, పట్టు దొరకలేదు, దున్నుకుంటూ మా వెంటే వచ్చింది. గెడ వేస్తే అందలేదు. తెడ్డు ఒక్కటే ఉంది. వేసి వేసి రొమ్ము మండింది గానీ ఒడ్డు దగ్గరపడలేదు. కింద మొగ ఉంది, ఏరు సముద్రంలో కలిసే చోటు. అక్కడ అల ఏటికి ఎదురొచ్చి విరుగుతుంది. ఆటు వేళ మోటారు లేని పడవని అది తిరగేస్తుంది. ఆ తెల్లటి నురగ నాకు కనపడుతోంది. నేను చూసింది రమణమ్మ చూడకూడదని అడ్డంగా కూర్చున్నాను.

"పక్కకి జరుగు, నాకూ కళ్లున్నాయి" అంది. మాటకీ మాటకీ మధ్య ఊపిరి ఈల వేస్తోంది. పీల్చే మందు ఇంకోసారి పీల్చింది. లాభం కనపడలేదు. భయంతో వచ్చే ఆయాసానికి ఆ మందు చాలదట, తర్వాత చెప్పారు.

"రమణీ, మాట్లాడకు."

"మాట్లాడకపోతే... ఉన్నానో లేదో... నీకెలా తెలుస్తుంది?"

అప్పుడు రేవు వైపు నుంచి పొగ కనపడింది. పొగ అంటే పొగ కాదు, ఇటుక బట్టీ ఏట్లో నడిచొస్తున్నట్టుంది. నల్లగా, లావుగా. ఏసుబాబు పడవ. ముందు వైపు వాళ్ల బావ కోటయ్య. వెనక హ్యాండిల్ పట్టుకుని ఏసుబాబు. ఏసుబాబు పక్కన మోటారుని రెండు చేతులా వాటేసుకుని, మోకాళ్ల మధ్య తల పెట్టుకుని, మేస్త్రీ.

నేను నమ్మలేదు. దగ్గరికి వచ్చాక కూడా నమ్మలేదు.

ఏసుబాబు చెప్పింది ఇదీ. మేం రేవు దాటగానే మేస్త్రీ అతని చొక్కా పట్టుకున్నాడట. "పద, వాడు ఆగిపోతాడు" అన్నాడట. మిగతా పడవలన్నీ అప్పటికే వెళ్లిపోయాయి. రేవులో ఉన్నది ఏసుబాబుది ఒక్కటే, అదీ మరమ్మతు మధ్యలో ఉంది, కార్బొరేటర్ బిగించలేదు. ఆయన దాన్ని ఎలాగో తాళ్లతో కట్టి, ఆగకూడదని డబ్బాలో రెండు సీసాల ఆయిల్ పోశాడు. "ఇది చేత్తో పట్టుకుంటేనే నడుస్తుంది" అన్నాడట. "ఎవరు పట్టుకుంటారు?" అని ఏసుబాబు అడిగాడు. మేస్త్రీ చాలాసేపు ఏటి వైపు చూశాడట. తర్వాత చెప్పులు విప్పి ఒడ్డున పక్కపక్కన పెట్టి, ఎక్కాడట.

కోటయ్య తాడు విసిరాడు. నేను కట్టాను. తాడు బిగిసి మా పడవ మొగ వైపు నుంచి ముఖం తిప్పుకుంది. బతికాం అనుకున్నాను. అంతలో పొగ వచ్చింది.

కార్తీకం కదా, ఉత్తరపు గాలి. మేం ఉత్తరానికే లాగించుకుంటున్నాం. ఆ రెండు సీసాల నల్లపొగ మొత్తం తిన్నగా మా పడవలోకి, రమణమ్మ ముఖంలోకి. ఆవిడ నోరు తెరిచింది. ఈల కూడా ఆగిపోయింది. నోరు తెరిచే ఉంది, ఏమీ లోపలికి పోవడం లేదు.

"ఆపండ్రా! చచ్చిపోతోంది! ఆపండ్రా!" అని అరిచాను.

ఆపితే మొగ. నడిస్తే పొగ. 

నా అరుపుకి మేస్త్రీ తల ఎత్తాడు. కళ్లు తెరిచాడు. అంత నీళ్లు, అన్ని వైపులా, ఒక్కసారిగా చూశాడు. ఆ ముఖం నేను మర్చిపోలేను. చిన్నపిల్లాడు నూతిలోకి తొంగిచూసినట్టుంది. కానీ మళ్లీ మూసుకోలేదు.

"తాడు వదులు! మొత్తం వదులు కోటయ్యా, ఇంకోటి ముడెయ్యి!" అని అరిచాడు. తాడు పొడుగవుతోంది. తన తలగుడ్డ విప్పి ఏట్లో ముంచి, అవును, చెయ్యి ఏట్లో పెట్టి ముంచి, ముడి చుట్టి మా వైపు విసిరాడు. "చెల్లెమ్మ ముక్కుకి కట్టు! అడుగున పడుకోబెట్టు, పొగ పైనుంచి పోద్ది!"

కట్టాను. పడుకోబెట్టాను. ఆవిడ తల నా ఒళ్లో.

"ఏసుబాబూ, తిన్నగా పోమాక. గాలికి అడ్డంగా పోనీ. ఎడమకి. ఎడమకి. ఇంకా."

"అలా పోతే దూరం మేస్త్రీ!"

"దూరమైతే అయింది. పొగ వాళ్ల పక్క నుంచి పోవాలి. కుడికి. చాలు. గాలి మారింది, ఎడమకి."

రేవు దాకా అదే గొంతు. ఎడమకి, కుడికి. ఒక చెయ్యి కార్బొరేటర్ మీద, కాలుతున్నా తియ్యలేదు. వెనక్కి తిరిగి కూర్చుని, పొగనీ మా పడవనీ చూస్తూ, ఏట్లో పాములా వంకర్లు తిప్పుతూ తీసుకొచ్చాడు. ఒక చోట పడవ ఊగితే, "యా అల్లా" అన్నాడు, వెంటనే "కుడికి" అన్నాడు. నేను ఆయన నోరే చూస్తున్నాను. నా ఒళ్లో ఊపిరి మొదలైంది. ఆగింది. మళ్లీ మొదలైంది.

ఒడ్డుకి వచ్చాక సుబ్బాయమ్మ వేడినీళ్లు తెచ్చింది. మస్తాను ఆటో తెచ్చాడు. రమణమ్మ కూర్చుని, గుడ్డ తీసి, "అన్నయ్యేడీ?" అంది. ఆయన షెడ్డు వెనక కక్కుకుంటున్నాడు. గోడ పట్టుకుని వచ్చాడు. అరచెయ్యి బొబ్బలెక్కింది. నా వైపు చూడలేదు. మా పడవలోకి వంగి డబ్బా తీశాడు.

"ఇదేంటి?"

"ఆయిల్. తక్కువ పొగ అని రాసుంది మేస్త్రీ."

"నాకు చదువు రాదు. ఈ బొమ్మేంటి?"

చూశాను. పదకొండు రోజులు చేత్తో పట్టుకున్న డబ్బా. అక్షరాలు వచ్చాక నేను బొమ్మలు చూడటం మానేశాను.

"స్కూటరు" అన్నాను.

"నీ పడవకి చక్రాలున్నాయా?" అన్నాడు. "గాలికి చల్లబడేదానికి చేసిన ఆయిల్ అది. నీళ్లతో చల్లబడేదానికి పోస్తే లోపల బూడిద పేరుకుపోద్ది. అదీ సగమే పోశావు. అవునా?"

అవునన్నాను. అబద్ధం చెప్పే ఓపిక లేదు. కొడతాడనుకున్నాను, కొడితే బాగుండేది. ఆయన కింద కూలబడి ఏడ్చాడు. "రెండు రోజుల్లో తెప్పించేవాణ్ణి కదయ్యా" అన్నాడు. అంతే. రమణమ్మ ఆటో ఎక్కబోతూ ఆగి ఆయన తల మీద చెయ్యి పెట్టింది.

హార్బరు ఆయిల్ వచ్చింది. మోటారు పిస్టను మార్చి ఆయనే బిగించాడు. ఇప్పుడు సన్నగా, చూస్తే గానీ కనపడనంత పొగ వస్తుంది. హ్యాండిలు నేను పట్టుకుంటున్నాను, రమణమ్మ ముందు వైపుకి మారింది. ఆవిడ ఉందంటే ఉంది. డాక్టరమ్మ చెప్పిన ఏడాది దాటి రెండేళ్లయింది. మేస్త్రీ మళ్లీ పడవ ఎక్కలేదు. ఎవరైనా ఆ రోజు సంగతి ఎత్తితే, "నేను కాదు, ఇంకెవరో" అనేవాడు.

అందుకే రాస్తున్నాను. తను కాదని ఆయన చెప్పింది నిలబడిపోకూడదు. ఆ బుధవారం అక్కడ ఉన్నవాళ్లు వీళ్లు. ఒడ్డున వేడినీళ్లు పెట్టిన టీ కొట్టు సుబ్బాయమ్మ. ఆటో తెచ్చిన మస్తాను. ఏసుబాబు పడవలో తాడు విసిరిన కోటయ్య, హ్యాండిలు పట్టిన ఏసుబాబు, అతని పక్కన మేస్త్రీ. వెనక తాడుకి కట్టిన పడవలో నేను. నా ఒళ్లో రమణమ్మ.